ఎలుకలకు ప్రవేశం లేని దీవిలో ఒక రాత్రి

– మన హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ (జంతుశాస్త్రం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. "నీతులు రాయొద్దు, నువ్వు చదువుతున్న సబ్జెక్టు నుంచే పిల్లలకు అర్థమయ్యేలా ఒక సంగతి రాయి" అన్నారు. పోయిన సెమిస్టరులో నాకు సెమినారుకు వచ్చిన అంశం "దీవులు – బయటి నుంచి వచ్చే జీవులు". దాని కోసం లైబ్రరీలో చదువుతుంటే న్యూజిలాండ్‌లోని ఒక చిన్న దీవి గురించి తెలిసింది. సెమినారు అయిపోయింది, మార్కులు కూడా వచ్చాయి. ఆ దీవి మాత్రం నా మనసులోంచి పోలేదు. ఎందుకు పోలేదో వ్యాసం చివర్లో చెబుతాను. నేను అక్కడికి వెళ్లలేదు, చదివి తెలుసుకున్నాను. ఈ మాట ముందే చెప్పడం మంచిది.

దీవి ఎక్కడుంది?

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్. అది సముద్రపు ఒడ్డున ఉన్న నగరం. ఆ నగరం ముందు భూమి లోపలికి చొచ్చుకొచ్చిన పెద్ద సముద్రపు పాయ ఉంది. ఓడలు ఆగే హార్బరు అదే. దాని మధ్యలో ఉన్న దీవి పేరు మాతియు/సోమ్స్. రెండు పేర్లూ కలిపే రాస్తారు. మాతియు అన్నది ఆ దేశపు మూలవాసులైన మావోరీలు పెట్టుకున్న పేరు. సోమ్స్ అన్నది తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్లు తమ కంపెనీ పెద్ద ఒకాయన పేరు మీద పెట్టింది.

దీవి విస్తీర్ణం సుమారు 25 హెక్టార్లు, అంటే దాదాపు 62 ఎకరాలు. మన వైపు ఒక పెద్ద రైతు కుటుంబానికి ఒకప్పుడు ఉండిన పొలమంత. గంటసేపు నడిస్తే దీవినంతా చుట్టి రావచ్చు. నగరం నుంచి పడవ ఎక్కితే అరగంట లోపే చేరుకుంటారు. ఇంత దగ్గరగా, ఇంత చిన్నదిగా ఉన్నా ఇది రక్షిత ప్రాంతం. చట్ట ప్రకారం దీనికి శాస్త్రీయ రిజర్వు, చారిత్రక రిజర్వు అనే రెండు హోదాలూ ఉన్నాయి.

పగటిపూట చాలామంది వచ్చి చూసి సాయంత్రం పడవకు వెళ్లిపోతారు. కొద్దిమందికి మాత్రం రాత్రి ఉండే అవకాశం ఉంటుంది. అందుకు ఆ దేశపు సంరక్షణ శాఖ దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక కుటుంబం అక్కడ ఒక రాత్రి ఉండడానికి బయలుదేరింది అనుకుందాం. వాళ్ల వెనకే మనమూ నడుద్దాం.

మొదట సంచుల తనిఖీ

పడవ దిగగానే వాళ్లను చెట్ల దగ్గరికి పోనివ్వరు. ముందు ఒక గదిలోకి తీసుకెళ్తారు. ఆ గది పేరు మావోరీ భాషలో "ఫారే కియోరే", అంటే ఎలుకల ఇల్లు. లోపల ఎలుకలేమీ ఉండవు. ఎవరి సామానులోనైనా ఎలుక దాక్కుని వచ్చిందేమో చూసే గది అది. ఒకవేళ ఉంటే బయటికి దూకకుండా తలుపు మూసి, ఎవరి సంచి వాళ్లే విప్పి చూసుకోవాలి.

చూడాల్సింది ఎలుకలు ఒక్కటే కాదు. చీమలు ఉన్నాయా? చెప్పుల అడుగున మట్టి అంటుకుందా? సాక్సులకు, ప్యాంటు మడతలకు గడ్డి గింజలు పట్టుకున్నాయా? అన్నీ చూడాలి. అందుకే ఇంటి దగ్గరే తిండి సామానంతా మూత గట్టిగా పట్టే డబ్బాల్లో సర్దుకుని, సంచుల జిప్పులు పూర్తిగా వేసుకుని రమ్మంటారు. మూతిలేని సంచులు పనికిరావు. కుక్కను, పిల్లిని వెంట తెచ్చుకోకూడదు. దీవి మీద నిప్పు రాజేయకూడదు, పొగ తాగకూడదు. తమ చెత్తంతా తామే మూటకట్టుకుని మళ్లీ నగరానికి తీసుకుపోవాలి.

ఎలుక అంటే ఎందుకంత భయం?

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇదంతా మా నాయనకు చెప్పాను. ఆయన నవ్వి, "ఒక ఎలుక కోసం ఇంత గోలనా?" అన్నాడు. ఆ ప్రశ్న మీకూ వచ్చే ఉంటుంది. జవాబు చెబుతాను.

న్యూజిలాండ్ కోట్ల ఏళ్ల నుంచి మిగతా భూఖండాలకు దూరంగా ఉండిపోయింది. మనుషులు రాకముందు అక్కడి నేల మీద ఉన్న క్షీరదాలు గబ్బిలాలు మాత్రమే. పులి లేదు, నక్క లేదు, పిల్లి లేదు, ఎలుక లేదు. అందువల్ల అక్కడి పక్షుల్లో చాలావాటికి భయం తెలియకుండా పోయింది. కొన్ని నేలమీదే గూడు పెట్టాయి. కొన్ని ఎగరడమే మానేశాయి. తర్వాత మనుషుల పడవల్లో, ఓడల్లో ఎలుకలు వచ్చాయి. వాసన పట్టి గుడ్లను, పిల్లలను తినే జంతువు ఎదురైతే ఏం చేయాలో ఆ పక్షులకు తెలియదు.

ఎలుక సంగతి మీకు తెలుసు. గర్భం మూడు వారాలే. ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు. ఆ పిల్లలు కూడా రెండు మూడు నెలలకే ఈనడం మొదలుపెడతాయి. ఒక్క చూడి ఎలుక దిగితే చాలు, ఏడాది తిరిగేసరికి చిన్న దీవి నిండిపోతుంది.

ఇది ఉత్త భయం కాదు, జరిగిన సంగతి. న్యూజిలాండ్ దక్షిణ కొసన బిగ్ సౌత్ కేప్ అనే దీవి ఉంది. 1960ల మొదట్లో అక్కడికి ఓడ ఎలుకలు చేరాయి. 1964 నాటికి అవి దీవినంతా ఆక్రమించాయి. బుష్ రెన్ అనే పిట్ట, ఒక రకం ఉల్లంకి పిట్ట, ఒక రకం గబ్బిలం భూమ్మీద లేకుండా పోయాయి. సాడిల్‌బ్యాక్ అనే ఇంకో పక్షి కూడా పోయేదే. అధికారులు 36 పక్షులను పట్టి ఎలుకలు లేని పక్క దీవులకు చేర్చడం వల్ల బతికింది.

ఒక్క ఎలుకను పట్టడం కూడా ఎంత కష్టమో చూడండి. ఆక్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మెడకు రేడియో పరికరం కట్టి ఒక మగ ఎలుకను, ఎలుకలు లేని చిన్న దీవిలో కావాలనే వదిలారు. మెడలో పరికరం ఉన్నా అది నెలల తరబడి దొరకలేదు. మధ్యలో సముద్రంలో 400 మీటర్లు ఈది పక్క దీవికి పోయింది. చివరికి 18 వారాల తర్వాత పెంగ్విన్ మాంసం ఎరగా పెడితే బోనులో పడింది. ఈ సంగతి 2005లో "నేచర్" అనే ప్రసిద్ధ సైన్సు పత్రికలో వచ్చింది. ఇది విన్నాక మా నాయన, "అట్లయితే సంచి చూసుకోవడమే సులువు" అని ఒప్పుకున్నాడు.

రాత్రి ఏం కనిపిస్తుంది?

ఇక మన కుటుంబం దగ్గరికి వద్దాం. సాయంత్రం చివరి పడవ వెళ్లిపోయింది. వాళ్లు తెచ్చుకున్న తిండి వండుకుని తిన్నారు, గిన్నెలు కడిగి పెట్టారు. చీకటి పడింది. ఎదురుగా నీటికి అవతల నగరం దీపాలు మెరుస్తున్నాయి. దీవి మీద అప్పుడే పగలు మొదలైనట్టు ఉంటుంది, ఎందుకంటే అక్కడి జీవుల్లో చాలా రాత్రిపూట తిరిగేవే. టార్చి లైటుకు ఎర్ర కాగితం చుట్టుకుంటే మంచిది. తెల్లని వెలుగు వాటి కళ్లకు ఇబ్బంది.

ముందుగా వినిపించేది పెంగ్విన్ల అరుపు. పెంగ్విన్ అంటే మంచు మీదే ఉంటుందని మనం అనుకుంటాం. ఇక్కడ ఉండేవి ప్రపంచంలోనే అన్నిటికంటే చిన్న పెంగ్విన్లు. మావోరీలు వాటిని కొరొరా అంటారు. ఎత్తు ఒక అడుగు పైన కొంచెం, బరువు దాదాపు ఒక కిలో. పగలంతా సముద్రంలో చేపలు పట్టి, పొద్దు గుంకాక ఒడ్డెక్కి బొరియల్లోకి చేరతాయి. మనిషి పొరపాటున దారి తప్పి పక్కన అడుగు వేస్తే బొరియ కూలవచ్చు. అందుకే దారి వదిలి నడవకూడదు.

రెండోది వేటా. ఇది మన తెలుగు వేట కాదు, ఒక పురుగు పేరు. మన ఇళ్లలో కనిపించే కీచురాయి, మిడత జాతులకు చుట్టం. రెక్కలు లేవు. వీటిలో పెద్ద వేటాలు బొటనవేలి కంటే లావుగా ఉంటాయి. ఎలుకలు లేని చోట చిన్న జంతువులు చేసే పనిని ఇవి చేస్తాయి. 1996లో మరో దీవి నుంచి తెచ్చి పెద్ద వేటాలను ఇక్కడ వదిలారు.

మూడోది టువటారా. చూడ్డానికి తొండలా ఉంటుంది, కానీ తొండ కాదు, బల్లి కాదు. జంతుశాస్త్రం చదివేవాళ్లకు దీని పేరు వింటేనే ఒళ్లు పులకరిస్తుంది. డైనోసార్ల కాలంలో దీని బంధువులు ఎన్నో ఉండేవి. ఆ క్రమంలో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. పిల్ల టువటారా నడినెత్తి మీద మూడో కన్ను లాంటి భాగం కనిపిస్తుంది. గుడ్డు పొదగడానికి ఏడాది పైన పడుతుంది. గుడ్డు ఉన్న చోటి వేడిని బట్టి ఆడా, మగా అనేది తేలుతుంది. ఇవి నూరేళ్లు దాటి బతకగలవు. ఇన్వర్‌కార్గిల్ అనే ఊళ్లోని మ్యూజియంలో హెన్రీ అనే టువటారా 2009లో, 111 ఏళ్ల వయసులో తండ్రి అయ్యింది! 1998లో మాతియు దీవిలో 54 టువటారాలను వదిలారు. అంత నెమ్మదిగా బతికే జీవి గుడ్లు ఎలుకల పాలైతే మళ్లీ కోలుకోలేదు.

తెల్లవారాక కాకారికి అనే చిలుకలు వస్తాయి. ఒళ్లు మన రామచిలుకలాగే పచ్చగా, నెత్తి ఎర్రగా ఉంటుంది. ఒక రాత్రికి ఆ పిల్లలు చూడగలిగేది ఇదీ.

అదే దీవి పాత కథ

ఇక్కడిదాకా చదివి ఇది ఎప్పటి నుంచో పచ్చగా ఉన్న దీవి అనుకోకండి. వందేళ్లకు పైగా అది వెలి దీవి.

1872లో ఇంగ్లాండ్ నుంచి వచ్చిన ఒక ఓడలో మశూచి కనిపించింది. ప్రయాణికులను నగరంలోకి రానివ్వకుండా ఈ దీవిలో దించారు. అప్పటి నుంచి రోగాలున్న ఓడల మనుషులను ఉంచే చోటుగా ఇది మారింది. పిల్లలు, పెద్దలు కొందరు అక్కడే చనిపోయారు. వాళ్ల పేర్లు చెక్కిన స్మారకం ఇప్పటికీ దీవి మీద ఉంది. ఆ తర్వాత విదేశాల నుంచి తెచ్చిన పశువులను కూడా అక్కడే వేరుగా ఉంచేవారు. అది 1995 వరకు సాగింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ శత్రు దేశాల్లో పుట్టినవాళ్లు అని జర్మన్లను, మరికొందరిని ఇక్కడ బంధించారు. రెండో యుద్ధంలో అలా బంధించినవాళ్లలో హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు కూడా కొందరు ఉన్నారు. వాళ్లు చేసిన తప్పు పుట్టిన దేశమే.

నన్ను పట్టుకున్నది మాత్రం కిమ్ లీ కథ. ఆయన వెల్లింగ్టన్‌లో పండ్లు అమ్ముకునే చైనా మనిషి. 1903లో ఆయనకు కుష్ఠు ఉందని ఈ దీవికి పంపారు. అప్పటికే అక్కడ ఉన్నవాళ్లు ఆయన పక్కన ఉండమన్నారు. దాంతో ఆ దీవిని ఆనుకుని ఉన్న మొకోపునా అనే చిన్న రాతి దీవికి మార్చారు. వెలివేసిన దీవి నుంచి కూడా వెలి. అక్కడ ఆయన ఒక్కడే ఉన్నాడు. తిండి పడవలో తెచ్చి ఇచ్చేవారట, సముద్రం బాగా లేనప్పుడు తీగ మీద వేలాడదీసి పంపేవారట. 1904లో ఆయన అక్కడే చనిపోయాడు.

సంక్రాంతి రాత్రి ఇది చెబుతుంటే మా నాయన మాట్లాడలేదు. మూలన మంచంలో పడుకుని ఉన్న మా అవ్వ, నిద్రపోయిందనుకున్నాను, "ఆ తీగ నాకు తెలుసు నాయనా" అంది. "మాకు బాయికాడ పైనుంచి పోసేటోళ్లు. దోసిలి పట్టుకుని కింద నిలబడేవాళ్లం."

ఎమ్మెస్సీలో నేను చదివిన పుస్తకాల్లో ఏదీ ఆ దీవిని నాకు అంత దగ్గర చేయలేదు.

క్వారంటైన్ వేరు, వెలి వేరు

క్వారంటైన్ అనే మాట ఇటలీ భాషలో నలభై అనే అంకె నుంచి వచ్చింది. ప్లేగు రోజుల్లో ఓడలను నలభై రోజులు దూరంగా ఆపేవారు. 2020లో ఈ మాట మన పల్లెల్లో ముసలివాళ్లకు కూడా వచ్చేసింది. క్వారంటైన్‌కు ఒక కారణం ఉంటుంది, ఒక గడువు ఉంటుంది. రోగం లేదని తేలితే తలుపు తెరుస్తారు. వెలికి కారణం ఉండదు, గడువూ ఉండదు. తాతను ఊరి చివర ఉంచితే మనవడూ ఊరి చివరే. కిమ్ లీకి జరిగింది క్వారంటైన్‌గా మొదలై వెలిగా మారింది.

సెమినారులో నన్ను ఒక మిత్రుడు అడిగాడు: "మరి ఎలుకను రానివ్వకపోవడం కూడా వెలివేయడమే కదా?" మంచి ప్రశ్నే. ఎలుక మీద ఎవరికీ పగ లేదు. దాన్ని అక్కడికి తెచ్చింది మనిషి ఓడలే. అది గుడ్లు తింటుంది, తింటే ఆ జాతి ఇక ఎక్కడా ఉండదు. ఇది చూసి, కొలిచి, రుజువు చేసిన కారణం. మనుషులందరూ ఒకే జాతి జీవులని జంతుశాస్త్రం మొదటి పాఠంలోనే చెబుతుంది. కాబట్టి ఎలుక లెక్కను ఎవరైనా మనుషుల మీదికి తెస్తే అది సైన్సు కాదని గట్టిగా చెప్పండి.

దీవి ఎలా మారింది?

పశువుల కోసం చెట్లు కొట్టి బోడి చేసిన ఆ దీవిలో 1981లో మొక్కలు నాటడం మొదలైంది. నాటింది ఒక ప్రకృతి సంరక్షణ సంఘానికి చెందిన మామూలు మనుషులు. సెలవు రోజుల్లో పడవ ఎక్కి వచ్చి, గుంతలు తవ్వి, మొక్కలు పెట్టి పోయేవారు. 1980ల చివర్లో ఎలుకలను పూర్తిగా నిర్మూలించారు. 1995లో దీవిని ప్రజలకు తెరిచారు. 2009లో చట్టం ద్వారా దీవి యాజమాన్యాన్ని ఆ ప్రాంతపు మావోరీలకు తిరిగి ఇచ్చారు. తమ నేల తమకు వచ్చాక వాళ్లు గేటు వేసుకోలేదు. అందరూ రావచ్చన్నారు. సంచి మాత్రం చూసుకోవాలి.

ఒకప్పుడు మనుషులను దూరం పెట్టడానికి వాడిన నేల మీద ఇప్పుడు ఎవరి పిల్లలైనా డేరా వేసుకుని పడుకోవచ్చు. ఈ దీవి నా మనసులోంచి పోకపోవడానికి కారణం ఇదే.

మనం చేయగలిగింది

తమ్ముళ్లారా, ఈ కథలో గొప్ప యంత్రాలేమీ లేవు. సంచి విప్పి చూసుకోవడం, చెప్పు దులుపుకోవడం, చెత్త వెనక్కి తీసుకుపోవడం, ఒక మొక్క నాటడం. ఇవన్నీ మనకు వచ్చిన పనులే. మన జిల్లా పక్కనే రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట కూడా నేలమీదే, ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. ఈనాడు అక్కడ అది కనిపించడం గగనమైపోయింది. పదో తరగతి సైన్సు ప్రాజెక్టుకు అంశం వెతుక్కునేవాళ్లు దాని గురించి చదవండి. మీ ఊరి గొర్రెల కాపరులను అడగండి. ఆ పిట్టను కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పింది నోటుపుస్తకంలో రాసిపెట్టండి.

చివరగా ఒక మాట. ఆ రాత్రి మా నాయన అడిగిన రెండో ప్రశ్న ఇది: "అక్కడ పడుకోవడానికి డబ్బులు కట్టి పోతారా?" ఆయనకు అది వింతగా తోచింది. మా అమ్మానాయనలు ఇల్లు వదిలి రాత్రిళ్లు పడుకున్నది రెండే చోట్ల. సుగ్గికి పోయినప్పుడు గుంటూరు వైపు మిరప చేలల్లో, నాకు జ్వరం ముదిరినప్పుడు పెద్దాసుపత్రి వరండాలో. పని లేకుండా, రోగం లేకుండా, ఊరికే చూడడానికి ఒక రాత్రి బయట ఉండడం అనేది మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో వాళ్లిద్దరినీ, అవ్వనూ ఎక్కడికైనా తీసుకుపోయి ఒక రాత్రి ఉంచాలని ఉంది. న్యూజిలాండ్ కాకపోయినా ఫరవాలేదు, చెట్లు, పిట్టలు ఉంటే చాలు. ఆ సంగతి అవ్వకు చెబితే, "సంచి నేను సర్దుతాలే, ఎలుక లేకుండా" అంది.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. బాగా చదవండి.